ఇన్సులిను కన్నును చెరచునా?

మధుమేహమునకు సూదిమందు మొదలుపెట్టినచో కన్నులు పోవునని మన పల్లెలలో నొక మాట వ్యాపించియున్నది. ఇది రచ్చబండ యొద్ద పుట్టిన గాలిమాటయని తోసివేయుటకు వీలులేదు. చెప్పినవారు కండ్లార చూచి చెప్పినదే. ఫలానివారికి పదేండ్ల నుండి చక్కెరజబ్బున్నది. మాత్రలతో గడపుకొని వచ్చినారు. డాక్టరు ఇన్సులిను వ్రాసినాడు. మూడు వారములు తిరుగకమునుపే పంచాంగములోని అక్షరములు అలుకుకొని పోయినవి. ఇంక విచారింపవలసిన దేమున్నది? సూదియే కారణమని ఇంటిల్లిపాదియు నిశ్చయించుకొన్నారు.

నేను కంటివైద్యుడను. ఈ ప్రశ్న ఎవరో యొకరు నన్నడుగని వారము లేదు. దీనికి 'కాదు' అని ఒక్క మాటతో బదులు చెప్పుట సులభము. కాని ఆ బదులు పూర్తిగా నిజము కాదు. పూర్తిగా నిజము కాని బదులు చెప్పినచో మీవంటి పెద్దలు ఇట్టే కనిపెట్టుదురు. అటుపిమ్మట మేము చెప్పు మంచిమాటలను గూడ వినరు. ఆ పల్లెమాటలో రవ్వంత నిజమున్నది. ఆ రవ్వ యెంతయో, తక్కినది ఏమో, ఈ పూట వివరింపదలచితిని.

మొదట కంటిలోపలి సంగతి. కనుగ్రుడ్డు వెనుకగోడకు లోపలివైపున అంటుకొని యొక పలుచని పొర యున్నది. దీనినే రెటీనా అనెదరు. మనము దృష్టిపటలమని చెప్పుకొందము. దీని మందము మిల్లీమీటరులో పావువంతు, అనగా రెండు మూడు కాగితములు దొంతి పెట్టినంత. అంత పలుచని పొరలో వెలుతురును పట్టుకొను కణములు పది కోట్ల ప్రమాణమున ఇరుకుకొని యున్నవి. పొర నడుమ పెసరగింజంత స్థలము కలదు. వైద్యులు దానిని మాక్యులా అనెదరు. పచ్చచుక్క యనియు చెప్పుదురు. చదువుట, సూదిలో దారమెక్కించుట, ఎదుటివాని మొగమానవాలు పట్టుట, ఇవన్నియు ఆ గింజంత చోటు చేయు పనులే.

ఈ పొర మిక్కిలి ఆకలి గలది. ఎత్తునకెత్తు తూచి చూచినచో, శరీరమునందు ప్రాణవాయువును అత్యధికముగా వాడుకొను భాగములలో నిది యొకటి. విచిత్రమేమనగా, వెలుతురులో కంటె చీకటిలో దీని ఖర్చు హెచ్చు. మనము దీపమార్పి పడుకొన్నను ఇది విశ్రమింపదు.

ఇక చక్కెర సంగతి. మన కండరములకు చక్కెర ఊరక చేరదు. క్లోమగ్రంథి నుండి వెలువడు ఇన్సులిను నీరటికాని వంటిది. చెరువులో నీరెంత యున్నను నీరటి వచ్చి తూము ఎత్తిననే కాని మడికి నీరు పారదు గదా. మధుమేహమున ఆ నీరటి రాకపోవుటయో, వచ్చినను తూము అతని బలమునకు లేవకపోవుటయో జరుగును. అందుచేత చెరువు, అనగా రక్తము, చక్కెరతో పొర్లును; మడులు ఎండును. దృష్టిపటలము సంగతి వేరు. రేయింబవళ్లు ఆహారము కావలసినది గనుక దాని తూమునకు తలుపే లేదు. నీరటి వచ్చినను రాకున్నను, రక్తమున చక్కెర యెంత యుండునో అందులోనికి అంత పారును. చెరువు పొర్లిన దినములలో ముందు మునుగు పల్లపుమడి ఇదియే. దేహమునందు తక్కిన భాగములకంటె కన్ను, మూత్రపిండము, నరములు మధుమేహమున ముందు దెబ్బతినుటకు గల కారణములలో నిది ముఖ్యమైనది.

మునిగిన మడిలో మొదట చెడునది గట్టు. దృష్టిపటలమునందలి సన్నని రక్తనాళములను వెలుపలి నుండి కావలించి పట్టియుంచు కణములు కొన్ని కలవు. 1961లో అమెరికాలో కోగన్, కువబారా మొదలగువారు మరణించినవారి కన్నులను గైకొని, దృష్టిపటలమును ట్రిప్సిను అను జీర్ణరసముతో కరగించి, రక్తనాళముల వలను మాత్రము మిగుల్చుకొని సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. మధుమేహ రోగులలో ఆ పట్టుకణములు చచ్చి, వాని చోట్లు ఖాళీగా నుండుట అందు కనబడినది. పట్టు తప్పిన నాళము అచ్చటచ్చట గింజవలె ఉబ్బును. ఉబ్బినచోట కారును. కారిన దానిలోని నీరు ఇంకి, కొవ్వు మైనపుచుక్కల వలె మిగులును. కొన్ని నాళములు పూర్తిగా పూడిపోవును. పూడినచోట పొర రక్తము లేక తెల్లబడి దూదిపింజ వలె కనబడును. ఈ దూదిపింజలను గుర్తుంచుకొనుడు, వీనితో మరల పని పడును.

ఇంతవరకు రోగికి ఏమియు తెలియదు. ఇదియే ఈ వ్యాధిలోని పెద్ద మోసము. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారదు. గోడమీది అక్షరములలో కట్టకడపటి వరుసను గూడ తప్పులేకుండ చదువును. ఉబ్బులు పచ్చచుక్క దాపున కారినపుడు మాత్రమే చూపు మసకబారును. లేదా, రక్తము చాలని దృష్టిపటలము నాళములను మొలిపించు నొక పదార్థమును విడుదల చేయును. కరవు వచ్చిన ఊరివారు దొరికిన చోటనెల్ల చెలమలు త్రవ్వినట్లు, దాని ప్రేరణచేత క్రొత్తనాళములు పుట్టుకొని వచ్చును. అవి గట్టి నాళములు కావు. దగ్గినను, ముక్కినను, ఏమియు చేయకున్నను చిట్లును. అప్పుడు కంటిలోని జిగటద్రవము నిండ రక్తము వ్యాపించి, ఒక ప్రొద్దుట లేచుసరికి కంటికి నల్లని తెర దిగినట్లుండును. రోగి ఆనాడు వచ్చి "నిన్నటిదాక బాగుండెనండీ" అని చెప్పును. నిన్నటిదాక బాగుండినది చూపు, కన్ను కాదు.

మధుమేహము తెలిసిన మొదటి దినమున కన్ను నిక్షేపముగా నుండునని అనుకొనరాదు. మన పెద్దలకు వచ్చు మధుమేహము, అనగా నడివయస్సున నెమ్మదిగా వచ్చు రెండవ తెగది, కనిపెట్టుటకు ముందే కొన్నియేండ్లు దేహమున దాగియుండును. ఇంగ్లండున 1977లో ఆరంభమై 1998లో ఫలితములు ప్రకటింపబడిన యొక గొప్ప పరిశోధనలో, అప్పుడే వ్యాధి బయటపడినవారి కన్నులను చూడగా, మూడింట ఒకవంతు కంటె ఎక్కువమందికి దృష్టిపటలమున మార్పులు అప్పటికే కనబడినవి. ఇంకొక సంగతి. ఉబ్బులేవియు కంటికి కనబడకమునుపే, దృష్టిపటలమునందలి నరకణములు వెలుతురునకు బదులిచ్చుటలో కొంత జాగుచేయునని విద్యుత్పరీక్షల వలన తెలిసినది. అనగా మేము పరికరముతో చూచి మొదటి చుక్కను కనిపెట్టుసరికే కథ కొంత నడచియుండును.

ఇప్పుడు ఇన్సులిను వద్దకు వత్తము. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగు అను యువవైద్యుడును, బెస్టు అను విద్యార్థియు, మాక్లియడు గారి పరిశోధనశాలలో కుక్కల క్లోమగ్రంథి నుండి ఈ మందును రాబట్టిరి. కాలిప్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దానిని శుభ్రపరచెను. 1922 జనవరిలో లియొనార్డు థాంప్సను అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారి ఇచ్చిరి. అతడప్పటికి ఎముకల గూడు. అంతకు ముందు ఆ వయస్సు పిల్లలకు మధుమేహము వచ్చినచో కడుపుమాడ్చి కొన్ని మాసములు ప్రాణము నిలుపుట తప్ప వేరు చికిత్స లేదు; ఒకటి రెండేండ్లలో కన్నుమూసెడివారు. థాంప్సను 1935 వరకు జీవించెను. బాంటింగునకు, మాక్లియడునకు 1923లో నోబెలు బహుమానము వచ్చినది.

ఇక్కడ నొక చిక్కు పుట్టినది. హెల్మ్‌హోల్ట్సు అను జర్మను పండితుడు 1851లోనే సజీవుని కన్నులోనికి చూచు పరికరమును నిర్మించియుండెను. కావున మధుమేహ రోగుల కన్నులలో మచ్చలుండుననుట క్రొత్త సంగతి కాదు. కాని పిల్లలలో అవి అరుదు. ఏలయనగా ఆ పిల్లలు కన్ను చెడుదాక బ్రదికియుండలేదు! ఇన్సులిను వచ్చిన పదునైదు, ఇరువది యేండ్లకు, ఆ మందుతో బ్రదికి పెద్దవారైనవారి కన్నులలో వ్యాధి కనబడసాగెను. మందు వచ్చినది, వెనువెంట అంధత్వము వచ్చినది. ఈ రెంటిని ముడివేయుట మనుష్య స్వభావము. మన రచ్చబండ యొద్దివారిని మాత్రమే తప్పుపట్టుట యెందుకు?

ఈ సందేహమును తీర్చుటకు అమెరికా, కెనడా దేశములందు 1983 నుండి 1993 వరకు ఒక మహాపరీక్ష జరిగెను. చిన్నవయస్సున వచ్చు మొదటి తెగ మధుమేహము గల 1441 మందిని తీసికొని, చీటీలు వేసి రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు ఆనాటి వాడుక ప్రకారము దినమునకు ఒకటి రెండు సూదులు. రెండవ జట్టునకు మూడో, అంతకు మించియో సూదులు, లేదా ఎడతెగక మందునెక్కించు చిన్న పంపు; దినమునకు పలుమారులు రక్తపరీక్ష. మూడు మాసముల సగటు చక్కెరను తెలుపు హెచ్.బి.ఏ.వన్.సి. అను పరీక్షలో మొదటి జట్టువారికి సుమారు 9, రెండవ జట్టువారికి సుమారు 7 నిలిచెను. సగటున ఆరున్నర యేండ్లు గడచిన పిమ్మట చూడగా, ఆరంభమున కన్ను బాగున్నవారిలో దృష్టిపటల వ్యాధి వచ్చు అవకాశము గట్టి చికిత్స వలన 76 వంతులు తగ్గినది. అనగా వాడుక చికిత్సలో నూరుగురికి వచ్చు చోట గట్టి చికిత్సలో 24 గురికి మాత్రమే వచ్చినట్లు. అప్పటికే కొంచెము వ్యాధియున్నవారిలో అది ముదురుట 54 వంతులు తగ్గినది. అట్టి ఫలితము కనబడుట చేత ఆ పరీక్షను అనుకొన్న గడువునకు ముందే ఆపి, అందరికిని గట్టి చికిత్సను చెప్పిరి.

మన పెద్దలకు వచ్చు రెండవ తెగ విషయమై నేను పైన చెప్పిన ఇంగ్లండు పరిశోధన ఉన్నది. అందు 3867 మందిని సగటున పదేండ్లు కనిపెట్టి చూచిరి. మాత్రలతోనో, ఇన్సులినుతోనో చక్కెరను బిగించి పట్టినవారిలో సన్ననాళముల చెరుపు నాలుగవ వంతు తగ్గినది. ఆ తగ్గినదానిలో పెద్దపాలు కంటికి లేసరు వేయవలసిన అవసరము తప్పుటయే.

దీర్ఘకాలమున ఇన్సులిను కన్నును కాచుననుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు. మరి ఆ రవ్వంత నిజము మాటేమి?

1984లో ప్రకటింపబడిన క్రోక్ పరీక్ష అనునది యొకటి కలదు. అందు 70 మంది రోగులు. సగముమందికి పంపుతో చక్కెరను చక్కగా దింపిరి. ఎనిమిది మాసముల తర్వాత కన్నులను చూడగా వైద్యులకు గుండె గుభిల్లుమన్నది. చక్కెర బాగైనవారి కన్నులే ఎక్కువ చెడియున్నవి! పొరపై దూదిపింజలు క్రొత్తగా లేచినవి. అయితే వారు పరీక్షను విడిచిపెట్టలేదు. రెండేండ్ల పిమ్మట మరల చూడగా ఆ తేడా నిలువలేదు.

మహాపరీక్షలోను ఇదే కనబడినది. మొదటి సంవత్సరమున, గట్టి చికిత్స పొందినవారిలో నూటికి 13 మందికి కన్ను కొంత చెడినది. వాడుక చికిత్సవారిలో నూటికి 7, 8 మందికి. అట్లు చెడినవారిలో పెక్కుమందికి ఏడాదిన్నర తిరుగుసరికి మరల సర్దుకొన్నది. అంతకంటె ముఖ్యము: గట్టి చికిత్సలో మొదట కన్ను చెడినవారు సైతము, ఏండ్లు గడచినపిమ్మట, వాడుక చికిత్సలో మొదట చెడనివారికి తీసిపోలేదు, కొన్నింట మెరుగుగనే యుండిరి. గట్టి చికిత్స పొందిన 711 మందిలో ఈ తొలిచెరుపు వలన ప్రమాదకరమైన క్రొత్తనాళములు వచ్చినవారు ఇద్దరు, పచ్చచుక్కలో నీరు చేరినవారు ముగ్గురు. ఆ అయిదుగురును చికిత్సకు లొంగిరి.

కావున రవ్వ ఇంతే. చాలకాలము చక్కెర హెచ్చుగా నుండి, కన్ను అప్పటికే కొంత దెబ్బతిని యుండి, చక్కెర ఒక్కసారిగా పెద్దయెత్తున దిగినపుడు, మొదటి మాసములలో కన్ను కొంత చెడవచ్చును. ఇది ఇన్సులినుకే ప్రత్యేకమా యన్న, అట్లు తోచదు. కడుపునకు శస్త్రచికిత్స చేసికొని చక్కెర తటాలున దిగినవారిలో కొందరికిని, గర్భిణులలో చక్కెరను త్వరగా బిగించినపుడును ఇట్టిది కనబడినది. సెమాగ్లుటైడు అను క్రొత్తమందుపై 2016లో ప్రకటించిన పరీక్షలో సైతము, ఆ మందు వాడినవారిలో నూటికి ముగ్గురికిని, వాడనివారిలో నూటికి ఇద్దరికంటె తక్కువమందికిని కంటి ఉపద్రవములు వచ్చినవి. అది ఇన్సులిను కాదు గదా. తప్పు నీరటిది కాదు. ఏండ్ల తరబడి పొర్లిన చెరువు ఒక్కరాత్రిలో దిగుటలో నున్నది.

అట్లేల జరుగునన్న దానికి ఇంకను ఏకాభిప్రాయము లేదు. చక్కెర హెచ్చుగా నున్నన్నాళ్లు దృష్టిపటలమునకు రక్తప్రవాహము హెచ్చుగా నుండుననియు, చక్కెర దిగగానే ప్రవాహము తగ్గి, పూడుటకు సిద్ధముగా నున్న నాళములు పూడిపోవుననియు కొందరందురు. ఇన్సులిను చాలినంత దొరకగానే కాలేయము పెరుగుదలకు సంబంధించిన పదార్థమొకదానిని మరల తయారుచేయసాగుననియు, అది క్రొత్తనాళములను ప్రేరేపించుననియు మరికొందరందురు. ఈ రెండవ మాటకు వెనుక ఒక చిత్రమైన కథ కలదు. 1953లో పౌల్సెన్ అను డెన్మార్కు వైద్యుడు ఒక స్త్రీని గూర్చి వ్రాసెను. కాన్పు తరువాత ఆమె తలలోని పీయూషగ్రంథి చెడిపోగా, మధుమేహము వలన కంటిలో వచ్చిన మచ్చలు మాసిపోయినవట. పెరుగుదలరసము పుట్టునది ఆ గ్రంథినుండియే. దానిమీద వైద్యులు కొంతకాలము రోగుల పీయూషగ్రంథిని తీసివేయుట కూడ చేసిరి. కన్ను కొరకు అంతటి శస్త్రచికిత్స! లేసరు వచ్చిన తరువాత ఆ పద్ధతి మరుగుపడినది.

ఇంత చెప్పితిని గాని, సూది మొదలుపెట్టిన మూడు వారములలో అక్షరములు అలుకుకొనిపోయినవని వచ్చువారిలో పెక్కుమందికి ఈ దూదిపింజల కథయే లేదు. అది వేరు సంగతి. కంటిపాప వెనుక కటకము కలదు, శుక్లము వచ్చుచోటు అదే. చక్కెర హెచ్చుగా నున్నపుడు ఆ కటకము ఒక తీరున నీరు పీల్చుకొని దానికి అలవాటుపడి యుండును. కళ్ళద్దములను గూడ ఆ తీరునకు సరిపడ తీసికొనియుందురు. చక్కెర దిగగానే కటకములోని నీటిపాళము మారును, ఆకృతి మారును, చూపు మసకబారును. ముఖ్యముగా దగ్గరి చూపు. ఇందు భయపడవలసినది లేదు. కొన్ని వారములలో, సాధారణముగా నెల, నెలన్నరలో, కటకము తనంత సర్దుకొనును.

ఒక బడిపంతులుగారు ఇట్లే వచ్చిరి. సూది మొదలుపెట్టి పదునెనిమిది దినములు. అప్పటికే బజారులో రెండుమారులు కళ్ళద్దములు మార్పించుకొని యున్నారు. దృష్టిపటలమును చూచితిని, నిర్మలముగా నున్నది. "పంతులుగారూ, మీ కన్ను మారుచున్నది, అద్దము వెంటపడి ప్రయోజనము లేదు, ఆరువారములు ఓపిక పట్టుడు" అంటిని. ఆయనకు నచ్చలేదు. రెండు జతల వెల పోయినదని బాధ. ఏడవవారమున తన పాత అద్దములే పెట్టుకొని వచ్చి, పత్రిక చదివి వినిపించి పోయినారు. క్రొత్తగా ఇన్సులిను మొదలుపెట్టినవారు చూపు నిలుకడకు వచ్చువరకు అద్దములు కొనరాదు. ఈ యొక్క మాట తెలియకపోవుట చేత మన పల్లెలలో ఎంత సొమ్ము వ్యర్థమైనదో, అంతకంటె ఎంతమంది సూదిని మానివేసిరో చెప్పలేను.

మానివేసినవారిలో నొకరి సంగతి చెప్పక తప్పదు. మెట్టప్రాంతపు పెద్దరైతు, అరువది యేండ్లు. పండ్రెండేండ్ల మధుమేహము. సగటు చక్కెర పరీక్షలో 12 చూపినది. ఒకచోట ఇన్సులిను మొదలుపెట్టిరి, పెట్టుట సబబే. కాని అంతకు ముందు ఆయన కంటి లోపల ఎవరును చూడలేదు. నాలుగు మాసములకు చూపు మందగించెను. ఇంటికి వచ్చిన చుట్టములందరు ఒకటే మాట: సూది పడలేదు. మానివేసినారు. సూది మానినపిమ్మట కొన్నాళ్లకు చూపు కొంత తేటపడినదట. దానితో నమ్మకము రాయిపై వ్రాతయైనది. రెండేండ్ల తర్వాత ఒక ఉదయము కుడికన్ను నల్లబడినది. అప్పుడు నావద్దకు తెచ్చిరి. లోపల రక్తము నిండియున్నది. క్రొత్తనాళములు పొరను గుంజి గోడనుండి ఊడదీసినవి. శస్త్రచికిత్స చేయించితిమి. కుడికంటికి చేయి కదలిన ఆనవాలు తప్ప ఏమియు కనబడదు. ఎడమకంటికి లేసరు వేసి నిలిపితిమి. ఆ కంటితోనే ఇప్పుడు పొలము చూచుకొనుచున్నారు; దినమునకు రెండు పూటలు సూదియు వేసికొనుచున్నారు.

ఆయన ఒకనాడు నన్నడిగిరి: "బాబూ, నా కన్ను మీరు ముందే చూచి ఉంటే సూది వద్దనేవారా?" అనలేదు, అయ్యా, అంటిని. సూది వేయుమనియే చెప్పెడివాడను. కాని కంటిలో నాళములు ముదిరియున్న యెడల ముందు లేసరు ముగించి, అప్పుడు చక్కెరను దింపుమని మీ డాక్టరుగారికి చీటీ వ్రాసెడివాడను. ఏడాదిపాటు మూడు మాసములకొకసారి మిమ్ము పిలిపించి చూచెడివాడను. ఆయన ఏమియు మాటాడలేదు.

మహాపరీక్ష చేసినవారు చెప్పినదియు ఇదియే. చాలకాలము చక్కెర అదుపులో లేనివారికి గట్టి చికిత్స మొదలుపెట్టుటకు ముందు దృష్టిపటలమును చూడవలెను. మొదలుపెట్టిన తరువాత ఆరు మాసములు మొదలు సంవత్సరము వరకు, మూడు మాసములకొకసారి చూడవలెను. నెమ్మదిగా దింపినచో తొలిచెరుపు తగ్గునా యని కొందరడిగెదరు. అట్లు తగ్గునని ఆ పరీక్షలో ఋజువు కాలేదు. కనుక 'కన్ను భయము' అని పేరుపెట్టి ఏండ్ల తరబడి చక్కెరను పైననే ఉంచుకొనుట తెలివి గాదు. చిన్నవయస్సున వచ్చిన మొదటి తెగ మధుమేహము గలవారైతే ఇన్సులినును మానిన కొలది దినములలోనే ప్రాణాపాయము. వారి విషయమున ఈ చర్చకే తావు లేదు. రక్తపు పోటు అదుపులో లేకున్నను కన్ను త్వరగా చెడును గాన దానిని గూడ కనిపెట్టి యుండవలెను.

లేసరు మాట వచ్చినది గనుక ఒక ముక్క. కరవుపడిన పొర అంచులను వెలుతురుతో కాల్చి, దాని ఆకలిని తగ్గించి, నడుమనున్న పచ్చచుక్కను కాచుట దీని తత్త్వము. 1700 మందికి పైగా రోగులపై జరిపి 1976లో ప్రకటించిన పరీక్షలో, లేసరు వేసిన కన్నులకు చూపు బొత్తిగా పోవుట సగమునకు పైగా తగ్గినది. పోయిన చూపును తెచ్చుట కంటె ఉన్నచూపును నిలుపుటయే దాని పని. అందుచేత చూపు బాగుండగనే వేయించుకొనవలెను. పచ్చచుక్కలో నీరు చేరినవారికి నేడు కంటిలోనికే సన్నని సూదితో మందు ఎక్కించెదరు. అది ఇన్సులిను కాదు. ఈ రెండు సూదులను ఒకటిగా కలిపి చెప్పుకొనుట చేత గూడ పల్లెలలో కొంత గందరగోళమైనది.

మన దేశమున 10 కోట్ల మందికి మధుమేహమున్నదని భారత వైద్య పరిశోధన మండలి వారు 2023లో ప్రకటించిన లెక్క. ఇందరి కన్నులను పట్టణపు డాక్టరు ఒక్కడు చూడలేడు. ఊరి పెద్దలు కదలవలెను. ఒక పొరపాటు మాత్రము పడకుడు. 2018లో తెలంగాణమునను, 2019లో ఆంధ్రప్రదేశమునను కంటివెలుగు అను పేర ఊరూర కంటిపరీక్షలు జరిగి, ఎందరికో కళ్ళద్దములు వచ్చినవి, మేలే. శుక్లముల శిబిరములును జరుగుచున్నవి. కాని అక్షరములు చదివించుట వేరు, టార్చిలైటు వేసి శుక్లమును చూచుట వేరు, దృష్టిపటలమును చూచుట వేరు. కంటిపాపను పెద్దదిగా చేసి లోపల చూచినారా, లేక కెమెరాతో లోపలి పొరకు పటము తీసినారా యని అడుగుడు. రెండును లేకున్నచో మధుమేహమునకు సంబంధించిన పరీక్ష జరుగలేదన్నమాట. నడివయస్సున మధుమేహము బయటపడినవారు ఆ నెలలోనే ఒకసారియు, తర్వాత ఏటేటను చూపించుకొనవలెను. చిన్నవయస్సున వచ్చినవారు అయిదేండ్లలోపల మొదలుపెట్టి ఏటేట. మధుమేహమున్న స్త్రీ గర్భవతియైనచో మొదటి మూడు మాసములలోనే.

పరీక్షకు పోవునపుడు మీరు వాడు మందులచీటీ, చక్కెర పరీక్షల కాగితములు వెంట తీసికొని పొండు. ఇన్సులిను క్రొత్తగా మొదలుపెట్టబోవుచున్నచో ఆ మాట ముందే చెప్పుడు. నీటికాసులున్నవారు అదియు చెప్పవలెను. కంటిలో చుక్కలు వేసిన పిమ్మట కొన్ని గంటలు దగ్గరిచూపు మసకగా నుండును, ఎండ కండ్లలో పొడిచినట్లుండును. ఆనాడు మోటారుసైకిలెక్కరాదు, కాగితములపై సంతకములు పెట్టరాదు. ఇంటివారినొకరిని వెంటబెట్టుకొని పోయి, తలపై కండువా ముందుకు లాగుకొని నీడపట్టున తిరిగి రావలెను. మరునాటికి చూపు ఎప్పటివలెనే యుండును.